మూత తీయకముందే ముల్లె విప్పొద్దు

పాత కంప్యూటర్‌ను గేములకు సిద్ధం చేయాలంటే ముప్పై వేలు సరిపోతాయా? నాందేడ్‌లోని ఓ తెలుగింటి మేడగదిలో మొదలై సికింద్రాబాద్ సీటీసీ దాకా సాగిన లెక్క ఇది.

“మామా, ముప్పై వేలు జమైనయి. మంచి గ్రాఫిక్ కార్డు ఏదన్న ఒకటి చెప్పు. శనివారం పొద్దుగాల రైలెక్కుతా.”

నాందేడ్ నుంచి మా అక్క కొడుకు ఫోన్. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. ఆ ముప్పై వేలు ఎక్కడివో నాకు తెలుసు. పండగలకు పెద్దలు చేతిలో పెట్టినవి కొన్ని. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించినవి కొన్ని. చివర్లో వాళ్లమ్మ చిట్టీ ఎత్తి కలిపినవి ఎనిమిది వేలు. అందుకే కార్డు పేరు చెప్పలేదు. “నువ్వు రాకు. నేనే వస్తున్న. అప్పటిదాక రూపాయి తియ్యకు” అన్నాను.

నాందేడ్ వాళ్లకు సికింద్రాబాద్ పరాయి ఊరు కాదు. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. నాందేడ్ రైల్వే డివిజన్ ఇవాళ్టికీ సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే దక్షిణ మధ్య రైల్వేలోనే ఉంది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లో తెలుగు ఇళ్లు దండిగా ఉంటాయి. ధర్మాబాద్ దాటితే బాసర వచ్చేస్తుంది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడే మా అక్క వాళ్లకు పెళ్లిబట్టలకైనా, పెద్ద డాక్టరుకైనా ఆ రైలే దిక్కు. ఇప్పుడు కంప్యూటర్ సామానుకూ అదే. ముంబయికి లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు ఎట్లాగో, మనకు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అట్లా. ఆ పూర్తి పేరు ఎవరూ పలకరు, అందరికీ అది సీటీసీ.

అక్కడికి వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే నా మేనల్లుడూ చేయబోయాడు. తన పెట్టెలో ఏముందో చూసుకోకుండా, ఏం కొనాలో ముందే తేల్చేసుకున్నాడు.

పెట్టెలో ఏముంది?

రాత్రి భోజనాలయ్యాక క్యాబినెట్‌ను మంచం మీద పడుకోబెట్టి పక్క మూత తీశాం. 2019లో కొన్న పెట్టె. రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్, అంటే పెట్టెకంతటికీ కరెంటు అందించే డబ్బా. విడిగా గ్రాఫిక్ కార్డు లేదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న వేగా 8 గ్రాఫిక్స్‌తో ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది.

“ఆడేటప్పుడు ఏమైతది?” అని అడిగాను.

“మొదలు మంచిగనే ఉంటది మామా. ఇరవై నిమిషాలైతే ఆగి ఆగి నడుస్తది. కొత్త జాగలకు పోతే బొమ్మ గట్టిగ పట్టేస్తది.”

వాడు చెప్పింది ఒక జబ్బు కాదు, రెండు. ఇరవై నిమిషాల తర్వాత నెమ్మదించేది వేడి వల్ల. ప్రాసెసర్ తనకున్న హద్దు దాటి కాగితే, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే ఊరు, రేకుల కప్పు కింద గది, ఆపైన ఫ్యాన్‌కు ఊపిరాడనివ్వని దుమ్ము. కొత్త చోటికి వెళ్లగానే బొమ్మ ఆగడం వేరే జబ్బు. ర్యామ్ నిండిపోయింది, కావలసిన సరుకు హార్డ్ డిస్క్ నుంచి రావాలి. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్క్ మామూలుగా సెకనుకు నూరు, రెండు వందల మెగాబైట్ల మధ్యే ఇస్తుంది. అదీ వరుసగా చదివితేనే. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకోవాల్సి వస్తే ఇంకా దిగజారుతుంది. సైబర్‌పంక్ 2077 వంటి గేములకు ఇప్పుడు కనీస అర్హతల్లోనే, తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి.

వేడి కారణమో, ర్యామ్ కారణమో, కార్డు కారణమో ఊహించి చెప్పనక్కర్లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గేము నడుస్తుండగానే తెర మూలన అంకెలు చూపిస్తుంది. గ్రాఫిక్స్ వాడకం 99 శాతం దగ్గర నిలబడి సెకనుకు వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేములు, తక్కువగా ఉంటే లోటు కార్డుది. కార్డు సగం ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తుంటే లోటు ప్రాసెసర్‌ది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అది కూడా ఖాళీగానే కూర్చుంటుంది. ర్యామ్ అంచుదాకా నిండి డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతుంటే లోటు వాటిది. ఆట మధ్యలో పెట్టె మొత్తం టప్పున ఆరిపోతే ముందుగా ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి.

ఆ రాత్రి దుకాణంతో పని లేకుండా మూడు పనులు చేశాం. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపాం. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చుకట్టిన థర్మల్ పేస్టు తుడిచేసి కొత్తది రాశాం. మదర్‌బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్ బయాస్‌లోకి వెళ్లి ర్యామ్ అసలు వేగాన్ని ఆన్ చేశాం. ఎక్స్‌ఎంపీ అనే ఆ అమరికను ఎవరూ ముట్టుకోకపోవడంతో వాడి ర్యామ్ ఇన్నేళ్లూ తన వేగం కంటే తక్కువలోనే నడిచింది. ఇంకొకటి, గేము సెట్టింగుల్లో ఎఫ్‌ఎస్‌ఆర్ కనిపిస్తే అది వాడుకోమన్నాను. బొమ్మను చిన్న సైజులో గీసి, దాన్ని తెర సైజుకు తెలివిగా సాగదీసే ఈ పద్ధతిని ఏఎండీ 2021లో తెచ్చింది, పాత కార్డుల మీద కూడా నడుస్తుంది. ఎన్విడియా వారి డీఎల్ఎస్ఎస్‌కు మాత్రం ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాల్సిందే.

థర్మల్ పేస్టు గొట్టం ఖర్చుతోనే ఇరవై నిమిషాల తర్వాత వచ్చే ఆయాసం పోయింది. వాడి ముఖం చూడాల్సింది.

ముందు ఎస్‌ఎంపీఎస్

ఇక్కడ నా అనుభవం చెప్పి తీరాలి. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే డబ్బు కూడబెట్టి కార్డు కొన్నాను. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద “450 వాట్” అని పెద్ద అక్షరాలతో ఉంది కదా అని దానికే తగిలించాను. మూడో వారంలో కాలిన వాసన వచ్చింది. కార్డు బతికింది గానీ మదర్‌బోర్డు పోయింది. మళ్లీ బోర్డు కొనుక్కోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బతికున్న కార్డు అట్టపెట్టెలో నా బీరువాలో ఉంది.

డబ్బా మీది పెద్ద అంకెను నమ్మకండి. పక్కనున్న చీటీలో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు తాగే కరెంటంతా ఆ గడి నుంచే వస్తుంది. అక్కడ 15 ఆంపియర్లు అని ఉంటే పన్నెండు పదిహేనులు 180 వాట్లు. పైన 450 అని రాసినా, 600 అని రాసినా కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దక్కేది అంతే. నిఖార్సయిన 450 వాట్ ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో ముప్పైకి పైనే ఉంటుంది. వాడి చీటీ చూస్తే 16 ఉంది.

నాందేడ్ లాంటి ఊళ్లో దీనికి ఇంకో కారణమూ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం వోల్టేజీ కిందకీ పైకీ ఊగుతుంది. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్క ఉదుటున వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఆ దెబ్బను తను కాసుకుంటుంది, నాసిరకంది లోపలికి పంపుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, పేరున్న కంపెనీది కొనాలి, అయిదేళ్ల వారంటీ ఉంటే మరీ మంచిది. ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే, రక్షణ సంగతి పూర్తిగా చెప్పదు. కాబట్టి ముద్రతో పాటు కంపెనీనీ, వారంటీనీ చూడాలి. ఈ ఒక్కటీ సీటీసీలో కాకుండా ఊళ్లోనే, రెండు మూడు వందలు ఎక్కువైనా బిల్లుతో కొనమన్నాను. చెడిపోతే మార్చుకోవడానికి 270 కిలోమీటర్లు ఎవరు వెళతారు? సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎంత చవకైనా ఎవరూ కొనవద్దు.

“గేములల్ల ఒక్క ఫ్రేము పెరగదు గదా మామా దీనితోని” అన్నాడు వాడు. పెరగదు. కానీ మిగతా వస్తువులన్నీ బతికేది దీని మీదనే.

బోర్డు దారి ఉందా, మూసుకుపోయిందా?

పాత పెట్టెకు డబ్బు పెట్టవచ్చా, లేక కొత్తది కొనుక్కోవాలా అన్నది మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చెబుతుంది. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లున్న పెట్టెలు మన ఇళ్లల్లో ఇంకా చాలా ఉన్నాయి. వాటి సాకెట్ కాలం తీరింది, వాడే డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో పట్టదు. వాటికి ఎస్‌ఎస్‌డీ పెట్టి చదువుకు వాడుకోవడం వరకు సరే, ఖరీదైన కార్డు పెట్టడం దండగ.

మా వాడి అదృష్టం ఏఎం4 సాకెట్. 2017లో మొదటి రైజెన్ వచ్చిన ఈ సాకెట్‌కు 2022లోనూ కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. దీని వెనుక చిన్న కథ ఉంది. 2020 మేలో ఏఎండీ తన రాబోయే ప్రాసెసర్లు బీ450 బోర్డుల్లో పనిచేయవని ప్రకటించింది. కొనుక్కున్నవాళ్లు ఊరుకోలేదు. ప్రపంచమంతటి నుంచీ నిరసన రావడంతో అదే నెలలో మాట మార్చుకుంది. వాళ్లు గొంతెత్తినందువల్లే ఇవాళ నాందేడ్‌లో ఒక పిల్లవాడికి బోర్డు ఖర్చు తప్పింది.

ప్రాసెసర్ మార్చక తప్పని కారణం ఇంకొకటి కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో 2200జీ లేదు. పేరులో రెండు వేల అంకె ఉన్నా లోపలి నిర్మాణం మొదటి తరానిదే. దానికి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు.

దారి రెండుగా చీలింది. రైజెన్ 5 5600 కొత్తది, లేదా 2019 నాటి రైజెన్ 5 3600 సెకండ్ హ్యాండ్‌ది. రెంటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 5600 ముమ్మాటికీ వేగమైనది. కానీ మా వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 బొమ్మలకు మించి చూపలేదు. ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది, ఆ పని 3600 చేయగలదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు ఆ వ్యవధి 7 మిల్లీసెకన్ల లోపే, వాళ్లు 5600 చూసుకోవాలి. ఈ వరుసలో 5600జీ, 5500 అనేవి కూడా అమ్ముతారు. అంకె దగ్గరగా ఉందని మోసపోవద్దు, వాటిలో క్యాషే, అంటే ప్రాసెసర్ లోపలి మెమరీ, సగమే, 32కు బదులు 16 మెగాబైట్లు. కార్డు కొనేవాడికి అవి అవసరం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో నేను భయం లేకుండా కొనమనేది ప్రాసెసరే. అది అంత త్వరగా చెడిపోదు. ఏఎం4 ప్రాసెసర్ అడుగున సన్నని పిన్నులుంటాయి, ఒక్కటి కూడా వంగకుండా ఉందో లేదో వెలుతురులో తిప్పి చూడాలి. ర్యామ్ కూడా పరవాలేదు.

బయాస్ కొత్తది వేయడం పాత ప్రాసెసర్ తీయకముందే చేయాలి. తీశాక కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టకపోతే తెర నల్లగానే ఉంటుంది. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మేం ఇన్వర్టర్ మీద పెట్టి, అక్కను గ్రైండర్ వేయొద్దని చెప్పి, ఆ అయిదు నిమిషాలూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

సీటీసీ మెట్ల మీద

మిగతా సామాను కోసం ఇద్దరం సికింద్రాబాద్ రైలెక్కాం. సీటీసీలో ర్యామ్ ధర విని వాడు కళ్లు తేలేశాడు. ఏఐ డేటా సెంటర్లకు జ్ఞాపక చిప్పులు తరలిపోవడంతో 2025 చివరి నుంచి ప్రపంచమంతటా ర్యామ్ ధర ఎగబాకింది. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. లెక్కలేనన్ని ప్రశ్నలకు జవాబిచ్చే ఎక్కడి యంత్రమో మా వాడి 8 జీబీని ప్రియం చేసింది. అందుకని ఆశ పడకుండా, ఉన్నదానికి జోడీగా అదే వేగంతో నడిచే మరో 8 జీబీ పాతది తీసుకున్నాం. రెండు ర్యామ్‌లు జంటగా నడిస్తే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సరుకు అందుతుంది. మొత్తం 16 జీబీ, ఇవాళ్టి గేములకు అది చాలు.

ఎస్‌ఎస్‌డీ కొత్తదే కొనాలి. ఎంత రాసి అరగదీశారో తెలియని పాతది వద్దు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 మెగాబైట్ల దాకా ఇస్తుంది, ఇలాంటి బోర్డు మీద బిగించే ఎన్‌వీఎంఈ 3,500 దాకా ఇస్తుంది. అంకెల్లో తేడా ఆరింతలు ఉన్నా, గేము తెరుచుకోవడంలో తేడా కొన్ని సెకన్లే. ధర ఏది తక్కువైతే అది.

మిగిలిన సొమ్మంతా కార్డుకు. ఇక్కడే బేరగాళ్ల నైపుణ్యం బయటపడుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొత్తది, డబ్బా మెరుస్తోంది, ధర అందుబాటులో ఉంది. అది బోర్డుతో మాట్లాడేది నాలుగే దారుల మీద. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్న కొత్త బోర్డులో సరే, బీ450 లాంటి 3.0 బోర్డులో ఆ దారుల వేగం సగానికి పడుతుంది. పైగా మెమరీ 4 జీబీయే. ఆర్‌ఎక్స్ 580 అని చూపించినవాటిలో 2,304 కోర్లకు బదులు 2,048 ఉన్నవి కూడా కలిసి ఉంటాయి. మరీ పాత కార్డులో బయాస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మే మోసమూ ఉంది. జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళితే అలాంటి నకిలీని పట్టేస్తుంది.

మేం ఎంచుకున్నది ఆర్‌ఎక్స్ 6600. 2021 అక్టోబరులో వచ్చింది, 8 జీబీ మెమరీ, తాగేది 132 వాట్లు. అదే ఏడాది వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంది గానీ 170 వాట్లు తాగుతుంది. వీడియో ఎడిటింగో, త్రీడీ బొమ్మలో చేసేవాడైతే 3060 అనేవాణ్ని. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆడుకోవడానికి, నాందేడ్ ఎండలో తక్కువ వేడెక్కే కార్డే మేలు.

కొత్తది బడ్జెట్ దాటింది, వాడినదే చూశాం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో నాణేల పద్ధతి మారడంతో గ్రాఫిక్ కార్డులతో ఆ నాణేలు తవ్వే పని ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు అరిగిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఫ్యాన్‌ను వేలితో తిప్పి చప్పుడు విన్నాం, మరల తలలు గీసుకుపోయాయేమో చూశాం, అసలు బిల్లు అడిగాం. బిల్లు లేదన్న రెండు చోట్ల నుంచి లేచి వచ్చేశాం. మూడో చోట కార్డుకు పూర్తి పని పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్‌ను అరగంట నడిపించి చూపమన్నాం. దుకాణదారు విసుక్కోలేదు సరికదా, టీ తెప్పించాడు. అరగంట పరీక్షకు ఒప్పుకోని చోట ఎంత తక్కువకిచ్చినా కొనకండి.

సాయంత్రానికి లెక్క తేలింది. కొత్తవి ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ. పాతవి ప్రాసెసర్, ర్యామ్, కార్డు. ముప్పై వేలలో సగానికి కాస్త పైన కార్డుకే వెళ్లింది. ఇంటికి తిరిగి తీసుకెళ్లింది పదకొండు వందలు. వాటిని వాళ్లమ్మ చేతిలో పెట్టాడు.

ఇదంతా ఒక కాగితం వల్ల జరిగింది. మూత తీసిన రాత్రి వాడిచేత నాలుగు ముక్కలు రాయించాను. మదర్‌బోర్డు పూర్తి పేరు, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లు, క్యాబినెట్ లోపల కార్డు పట్టే పొడవు సెంటీమీటర్లలో, మానిటర్ హెర్ట్జ్. ఆ కాగితం జేబులో ఉన్నందుకే మెరిసే డబ్బాల ముందు వాడి కాళ్లు ఆగలేదు.

మీ ఇంట్లో పిల్లలు గ్రాఫిక్ కార్డు అడిగితే ఆటల పిచ్చి అని కసురుకోకండి, అడిగిందే తడవుగా డబ్బూ తీయకండి. ఒక కాగితం, ఒక టేపు చేతికిచ్చి ఆ నాలుగు ముక్కలు రాసుకు రమ్మనండి. వీలైతే మూత తీసేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.